రేకుల షెడ్డుకి చల్లదనం, పనిముట్ల పెట్టెకి వెచ్చదనం: డెల్టాలో తక్కువ ఖర్చుతో ఇంటి వర్క్‌షాపు

పెరట్లో వడ్రంగం, మోటారు రిపేర్లు, చిన్నపాటి వెల్డింగు చేసుకోడానికి గది కావాలంటే గోదావరి జిల్లాల్లో చాలామందికి దొరికేది పాత పశువుల పాకో, గడ్డివాము పక్కన రేకుల షెడ్డో. దాన్ని ఎలా బాగుచేసుకోవాలో చూద్దామని వీడియోలు పెడితే, చలిదేశాలవాళ్ళు గదిని ఎలా వేడెక్కించాలో చెబుతుంటారు. రోహిణీ కార్తెలో రేకు కింద రంపం పట్టినవాళ్ళకి నవ్వొస్తుంది. కానీ అందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది: గాలి వేడెక్కితే చెమ్మ విరుగుతుంది. మనకి షెడ్డు చల్లబడాలి, పనిముట్లు పెట్టుకునే పెట్టె మాత్రం వెచ్చగా ఉండాలి. ఈ రెండిటినీ కలిపేసి షెడ్డంతటికీ ఒకే వైద్యం చేయబోతేనే డబ్బు వృథా అయ్యేది.

కింద లెక్కలన్నీ 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, సగటున 9 అడుగుల ఎత్తు ఉన్న ఇటుక గోడల షెడ్డుకి. చూరుతో కలిపి పైకప్పు 12 × 16, అంటే 192 చదరపు అడుగులు. మీది వేరే కొలతైతే ఆ నిష్పత్తిలో మార్చుకోండి.

పని సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టండి. చెమ్మ పట్టిన గోడ గిలాబా దులిపాక రెండు మూడు నెలలు ఎండాలి. వేసవిలో కాలువలు కట్టేశాక నేలలో నీటిమట్టం దిగుతుంది, గచ్చు వెయ్యడానికి అదే అదను. మృగశిర లోపు పైకప్పు పని అయిపోవాలి. డబ్బు ఒకేసారి లేకపోతే ముందు కారుడు ఆపండి, తర్వాత నేల, తర్వాత కరెంటు. రంగులూ అరలూ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

పైకప్పు

మిట్ట మధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి లోపల నిలబడి పైకి చూడండి. వెలుగు చుక్కలు కనబడ్డ ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పాత జీఐ రేకుల్లో, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకుల్లో, కారుడు ఎక్కువగా రేకు మధ్యలో ఉండదు, బోల్టుల దగ్గరే ఉంటుంది. జె-బోల్టు (కొక్కెంలా వంగిన బోల్టు) కింద రబ్బరు వాషరు ఎండకి పెళుసెక్కి చీలిపోతుంది. బోల్టు విప్పి తారు వాషరు, దానిమీద జీఐ వాషరు వేసి మళ్ళీ బిగించండి. బోల్టు ఎప్పుడూ రేకు మిట్ట మీదే ఉండాలి. పల్లంలో బెజ్జం పెడితే వాన నీళ్ళన్నీ దాని మీదుగానే పోతాయి, ఎన్ని వాషర్లు వేసినా కారుతుంది. మరీ బిగించినా తప్పే, రేకు సొట్టపడి అక్కడ నీళ్ళు నిలుస్తాయి. చిన్న బెజ్జాలకి ఎపాక్సీ ముద్ద కన్నా అల్యూమినియం పూత ఉన్న బ్యూటైల్ టేపు నయం. పగలు సాగి రాత్రి ముడుచుకునే రేకు మీద గట్టి ముద్ద నిలవదు, ఏడాదిలో పెచ్చులా లేచిపోతుంది.

కొత్త రేకులు వేస్తుంటే వాసాల మధ్య దూరం 4 అడుగులు దాటనివ్వకండి. రేకు మీద రేకు పక్కల ఒకటిన్నర నుంచి రెండు మిట్టలు, పొడవునా 6 అంగుళాలు కప్పాలి. వానగాలి వచ్చే వైపుకి ఎదురు చివర నుంచి పరవడం మొదలుపెట్టాలి. నైరుతి గాలి వానకి అతుకుల్లోంచి నీళ్ళు దూరకుండా ఉండాలంటే అదే పద్ధతి. చూరు అంచుల్లో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వెయ్యండి. తుపాను గాలి రేకుని అంచు దగ్గర పట్టుకునే లేపుతుంది. కొబ్బరిచెట్టు కింద రేకుల షెడ్డు వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం గానీ, డెల్టాలో సగం సొట్టలు కాయలవే.

కారుడు ఆగాక వేడి సంగతి. తెల్లరంగు అన్నిటికన్నా చవకైన మందు, అయితే ఏ రేకు మీద ఏది వేస్తున్నామో చూసుకోవాలి. సిమెంటు రేకులైతే రాత్రంతా నానబెట్టి వడకట్టిన సున్నంలో కాస్త బంక కలిపి రెండు పూతలు వేస్తే చాలు, అది సిమెంటుని బాగా పట్టుకుంటుంది. అదే సున్నం జీఐ మీద వేస్తే నిలవదు సరికదా, దాని క్షారం జింకు పూతని తినేస్తుంది. ఆయిల్ పెయింటు కూడా జీఐకి నేరుగా పనికిరాదు, జింకుతో కలిసి సబ్బులా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. జీఐకి తగిన ప్రైమరు ఒక పూత, దానిమీద బయటి గోడలకి వాడే తెల్ల ఎమల్షన్ రెండు పూతలు వెయ్యండి. మిట్టపల్లాల వల్ల 192 అడుగుల రేకు రంగు లెక్కలో సుమారు 215 అడుగులవుతుంది, 4 లీటర్ల డబ్బా సరిపోతుంది. కూల్‌రూఫ్ పేరుతో అమ్మే మందపు పూతలు ఇంతకి 8 నుంచి 10 లీటర్లు తాగుతాయి. ఖర్చు చూసుకునేవాళ్ళకి మామూలు ఎమల్షనే చాలనేది మా అభిప్రాయం, ఎందుకంటే ఏ పూత వేసినా మన వానలకి పాచి పట్టి నల్లబడుతుంది. ఏటా మార్చిలో బ్లీచింగు నీళ్ళతో కడగాలి, వెలిసినప్పుడు ఇంకో పూత వెయ్యాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి వాటిని పొడిగా గీకడం, కొయ్యడం, డ్రిల్లు పెట్టడం చెయ్యొద్దు. తడిపి, మాస్కు పెట్టుకుని మెల్లగా తుడవండి.

రేకు కింద బబుల్ ఫాయిల్ (గాలిబుడగల ప్లాస్టిక్కుకి మెరిసే అల్యూమినియం పొర అంటించిన షీటు) కట్టడం రెండో మెట్టు. దీన్ని రేకుకి అంటించేస్తే డబ్బు దండగే. మెరిసే ముఖం ఎదుట కనీసం ఒక అంగుళం ఖాళీ ఉంటేనే అది వేడిని వెనక్కి కొడుతుంది. వాసాల కింద నుంచి కోళ్ళ జాలీ లాగి కట్టి, దానిమీద మెరిసే ముఖం పైకి ఉండేలా ఫాయిల్ పరిస్తే ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. 160 చదరపు అడుగులు కొనండి, అతుకులకి ఫాయిల్ టేపు వెయ్యండి. చూరు దగ్గరా కొప్పు దగ్గరా రెండంగుళాలు వదిలేస్తే వేడిగాలి పైనుంచి పోతుంది. దీనివల్ల ఇంకో లాభముంది. ధనుర్మాసంలో మంచు పడే రాత్రుళ్ళు ఉత్త రేకు చల్లబడి, తెల్లారేసరికి అడుగున నీటిచుక్కలు కట్టి యంత్రాల మీద పడతాయి. పైకప్పు కారుతోందని రేకులు మార్చేవాళ్ళున్నారు, అది కారుడు కాదు. ఫాయిల్ ఉంటే ఆ చుక్కలు చాలామటుకు తగ్గుతాయి.

కడియం నర్సరీల్లో వాడే పచ్చ షేడ్‌నెట్ వెదురు గడల మీద రేకుకి అడుగు ఎత్తున కట్టినా వేడి బాగా తగ్గుతుంది. రేకు మీదే పరిస్తే అంత ఫలితం ఉండదు. తాటాకు, కొబ్బరాకు కప్పేవాళ్ళు మృగశిరకి ముందే దింపెయ్యాలి. తడి ఆకు కింద జీఐ రేకు ఏడాది తిరక్కుండానే తుప్పు పడుతుంది. ఆనపపాదు ఎక్కించినా అంతే. వరి ఊక, కొబ్బరిపీచు రేకు కింద దట్టించమనే సలహా వినకండి, ఎలుకలకి ఇల్లు, నిప్పురవ్వకి మేత.

పడమటి గోడకి ఆరంగుళాలు ఎడంగా వెదురు మీద ఒక తడక కడితే సాయంత్రం పూట లోపల నిలబడొచ్చు.

నేల, గోడలు

నేల నుంచి చెమ్మ వస్తోందో లేదో ముందు తేల్చుకోండి. అడుగు చదరం పాలిథిన్ ముక్క గచ్చు మీద పరిచి నాలుగంచులా టేపు అంటించి ఒక రోజు వదిలెయ్యండి. ముక్క కింద నీటిచుక్కలుంటే చెమ్మ భూమిది. పైన మాత్రమే ఉంటే గాలిది, అప్పుడు నేల తవ్వక్కర్లేదు, గాలి ఆడేలా చూస్తే చాలు.

భూమిదైతే పాత గచ్చు తీసి 6 అంగుళాలు తవ్వండి. నల్లరేగడి మీద నేరుగా గచ్చు వేస్తే అది వానకి ఉబ్బి ఎండకి ముడుచుకుని పగులుతుంది, కాబట్టి ఇసుక పరిచి తడిపి దిమ్మిస కొట్టాలి. సముద్రపు ఒడ్డు ఇసుక దగ్గర్లో దొరికినా ముట్టుకోవద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుకలో ఉండే ఉప్పు గాలిలోని తేమని లాగుతూ ఉంటుంది, గచ్చు ఎప్పటికీ చెమర్చుతుంది. గోదావరి ఇసుకే వాడండి.

ఇసుక మీద 250 మైక్రాన్ల నల్ల పాలిథిన్ పరవాలి. అతుకు దగ్గర ఒక అడుగు ఒకదానిమీద ఒకటి రావాలి, గోడల వైపు గచ్చు ఎత్తు దాకా పైకి మడవాలి. ధాన్యం మీద కప్పే పాత బరకం ఉంది కదా అని వెయ్యకండి. అది నేసిన గుడ్డ లాంటిది, పూత పోయినచోటల్లా నీరు ఎక్కుతుంది. దానిమీద 3 అంగుళాల మందం 1:2:4 కాంక్రీటు. 140 అడుగుల నేలకి 35 ఘనపు అడుగుల కాంక్రీటు పడుతుంది, అంటే సిమెంటు 6 నుంచి 7 బస్తాలు, ఇసుక 16 ఘనపు అడుగులు, 20 ఎంఎం చిప్స్ 31 ఘనపు అడుగులు. తలుపు వైపుకి అర అంగుళం వాలు ఇవ్వండి. కనీసం ఏడు రోజులు నీళ్ళు కట్టాలి. ఎండల్లో నీళ్ళు కట్టడం మానేస్తే పైపొర పిండిలా రాలుతుంది, ఆ దుమ్ము మోటార్ల బేరింగుల్లోకే పోతుంది.

గోడల అడుగు మూడడుగులు ఉప్పు పట్టి గిలాబా రాలుతుంటే, చెమ్మ గీత కన్నా ఒక అడుగు పైదాకా కొట్టేసి ఇటుక కనబడేలా వేసవంతా వదిలెయ్యండి. పశువుల పాక గోడల్లో మూత్రపు లవణాలు ఇంకి ఉంటాయి, అవి కడిగినా పూర్తిగా పోవు. పొడిబ్రష్షుతో తెల్లపొడి దులిపి దూరంగా పారబోయడమే మార్గం, నీళ్ళతో కడిగితే అవి మళ్ళీ లోపలికి పోతాయి. ఆ భాగానికి పుట్టీ, ఆయిల్ పెయింటు, టైల్సు వెయ్యకుండా సున్నపు గిలాబా, సున్నం చాలు. గోడ ఊపిరి మూసేస్తే చెమ్మ ఇంకో అడుగు పైకెక్కి అక్కడ బొబ్బలు కడుతుంది.

గాలి, కూలరు

గది ఘనపరిమాణం 1,260 ఘనపు అడుగులు. గంటకి 20 సార్లు గాలి మారాలంటే నిమిషానికి 420 ఘనపు అడుగులు లాగాలి. 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను దీనికి ధారాళంగా సరిపోతుంది. దాన్ని పడమటి గోడకి పైన పెట్టి, ఎదురు గోడకి కింద కనీసం ఒకటిన్నర చదరపు అడుగుల గాలిదారి వదలండి. చాలా షెడ్లలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మారదు, కారణం లోపలికి వచ్చే దారి లేకపోవడమే. గాలిదారికి దోమల జాలీ కడితే నెలకోసారి రంపపుపొట్టు దులపాలి.

నీళ్ళ కూలరు మాత్రం వర్క్‌షాపులో పెట్టకండి. మేలో పొడి పడమటి గాడ్పు కొట్టే నాలుగు రోజులూ అది బాగానే చల్లబరుస్తుంది. సముద్రపు గాలి తిరగ్గానే చల్లదనం పోయి ఉక్క మిగులుతుంది. పనివాడు చెమట తుడుచుకుంటాడు గానీ ఉలి తుడుచుకోలేదు. కూలరున్న గదిలో చిత్రిక అడుగు రెండు వారాల్లో ఎర్రబడుతుంది, టేకు చెక్క ఉబ్బి కొలత మారుతుంది.

వెచ్చని పెట్టె

జులైలో ముసురు పట్టినప్పుడు గాలి 28 డిగ్రీల దగ్గర, తేమ 90 శాతం ఉందనుకోండి. అదే గాలిని 33 డిగ్రీలకి వెచ్చబెడితే తేమ 68 శాతానికి దిగుతుంది, 36కి తెస్తే 57కి. తేమ 60 శాతం దాటాకే ఇనుముకి తుప్పు వేగం అందుకుంటుంది. కాబట్టి బయటికన్నా ఏడెనిమిది డిగ్రీలు వెచ్చగా ఉన్న చోటు ఒకటి దొరికితే ఉలులు, బర్మా బిట్లు, వెర్నియరు, మైక్రోమీటరు లాంటి కొలత పనిముట్లు వానాకాలమంతా భద్రం. షెడ్డంతా అలా వెచ్చబెట్టడం పిచ్చిపని. ఒక పెట్టె చాలు.

ఇంట్లో మూలనపడ్డ ఇనుప బీరువా వాడదామనిపిస్తుంది. దాని రేకు వేడిని ఇట్టే వదిలేస్తుంది. ఆరడుగుల బీరువాలో 40 వాట్ల బల్బు వెలిగిస్తే రెండు మూడు డిగ్రీలకి మించి పెరగదు. 12 ఎంఎం ప్లైవుడ్డుతో 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర లోతు, 3 అడుగుల ఎత్తున్న పెట్టె చేసి, వెలుపల అన్నివైపులా ఒక అంగుళం థర్మోకోల్ అంటించండి. ఇప్పుడు 15 వాట్ల ఫిలమెంటు జీరో బల్బులు రెండు పెడితే సరిపోతుంది. ఒకటి మాడినా రెండోది కొంత కాపు కాస్తుంది. రెండూ రోజంతా వెలిగితే 0.72 యూనిట్లు, నెలకి 22 యూనిట్ల లోపు. థర్మోకోల్ లేకుండా ఇంత వేడికి 60 వాట్లు కావాలి, నెలకి 43 యూనిట్లు. షాపువాడు జీరో బల్బంటే ఎల్‌ఈడీ ఇస్తాడు, దానికి వేడి రాదు, తంతి ఉన్నదే అడిగి తీసుకోండి. అనపర్తి, తణుకు వైపు కోళ్ళఫారాల సరుకు అమ్మేచోట దొరికే, కోడిపిల్లలకి వెచ్చదనమిచ్చే బ్రూడరు దీపాలు ఇంత చిన్న పెట్టెకి మరీ ఎక్కువ, ఉలి పిడుల వార్నిష్ జిగురుకడుతుంది.

బల్బులు అడుగున, చుట్టూ జాలీ గూడుతో, దేనికైనా ఆరంగుళాలు ఎడంగా ఉండాలి. అరలు పలకలవి కాకుండా జాలీవి పెట్టండి, వేడి పైకి పోవాలి. చెమ్మ బయటికి పోవడానికి అడుగున రెండు, పైన రెండు అర అంగుళం బెజ్జాలు చాలు. ఎక్కువ పెడితే వేడి నిలవదు. తలుపు అంచుకి ఫోమ్ పట్టీ అంటించండి. లోపల ఒక డిజిటల్ తేమమీటరు పెట్టి వారం చూడండి. 60 పైన ఉంటే ఒక బెజ్జం మూయండి, 45 కన్నా తగ్గితే ఒక బల్బు తీసెయ్యండి, చెక్కపిడులు ఎండి వదులవుతాయి. మార్చి నుంచి మే దాకా దీన్ని ఆపేసుకోవచ్చు.

థిన్నరు, టర్పెంటైను, స్ప్రే డబ్బాలు, బ్యాటరీలు, నూనెగుడ్డలు ఈ పెట్టెలోకి రాకూడదు. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డ ఉండచుట్టి ఎక్కడ పడేసినా దానంతటదే వేడెక్కి అంటుకోగలదు, విప్పి తీగ మీద ఆరేసి పూర్తిగా ఆరాకే పారెయ్యండి. వెల్డింగు రాడ్లని మూత ఉన్న పీవీసీ గొట్టంలో పెట్టి ఇందులో ఉంచితే చిటపటలాడకుండా కాలతాయి.

పెట్టెలో పట్టని బల్లరంపం, వైసు లాంటివాటికి మెషీన్ ఆయిలు పలచగా రాసి, పైన కొవ్వొత్తి మైనం రుద్దండి. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనే గానీ, పాతబడితే ముక్కిపోయి ఆమ్లం పుడుతుంది, నిలవ ఉంచే ఇనుముకి వద్దు. సానరాతికి వాడుకోండి.

కరెంటు

లైట్లకి 1.5, సాకెట్లకి 2.5, ఇంటి బోర్డు నుంచి షెడ్డుకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ. ఎమ్‌సీబీతో (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి) పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే పడిపోయే స్విచ్చి) తప్పదు, రెండూ కావాలి, మొదటిది తీగని కాపాడుతుంది, రెండోది మనిషిని. ముసురులో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తప్పించి నేరుగా కలిపేయడం మన దగ్గర మామూలైపోయింది. అది పడిపోతోందంటే ఎక్కడో తడి తీగ మీదుగా కరెంటు కారుతోందని అర్థం. ఒక్కో సామానూ ప్లగ్గు తీసి చూస్తే దొంగ దొరుకుతుంది, చాలాసార్లు అది పాత డ్రిల్లో, గోడలో తడిసిన జంక్షన్ పెట్టో అవుతుంది.

తీగలు పైనుంచి దిగాలి, నేల వెంబడి పాకకూడదు. లంకల్లో, ఏటిగట్టు పక్క ఊళ్ళల్లో 1986 ఆగస్టు వరద, 2022 జులై వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, దానికి ఒక అడుగు పైన సాకెట్లు పెట్టించండి. మిగతాచోట్ల 4 అడుగుల ఎత్తు చాలు. తడినేలలో ఎర్తింగు సులభంగానే దొరుకుతుంది, అయితే తీరం దగ్గర జీఐ గొట్టాన్ని ఉప్పు తినేస్తుంది, అక్కడ రాగిపూత రాడ్డు వేయించి ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. 2.5 ఎంఎం రాడ్డుతో చిన్న ఇన్వర్టర్ వెల్డింగు మెషీన్ 16 ఆంపియర్ల సాకెట్టు మీద నడుస్తుంది, అంతకన్నా పెద్ద రాడ్డుకి విడిగా లైను కావాలి. వెల్డింగు ఎప్పుడూ బయట అరుగు మీదే చెయ్యండి. లోపల పొట్టు, పైన ఫాయిల్, పెట్టె చుట్టూ థర్మోకోల్, అన్నీ నిప్పుకి లొంగేవే.

కలప, చెదలు

కలపని నేలకి ఆరంగుళాల ఎత్తున, రెండడుగులకి ఒకటి చొప్పున అంగుళం పుల్లలు మధ్యలో పెట్టి దొంతర వెయ్యండి. తేమ 85 శాతం ఉన్న గాలిలో నిలవున్న చెక్క దాదాపు 18 శాతం నీరు పట్టుకుంటుంది, 50 శాతం గాలిలో 9. వేసవిలో బిగుతుగా కూర్చోబెట్టిన తలుపు శ్రావణంలో తెరుచుకోకపోవడానికి కారణం అదే. వేసవిలో చేసే తలుపులకి సందు కాస్త ఎక్కువే వదలండి. అరలకీ బల్లకీ కొత్త కలప కొనేముందు పాత మండువా ఇళ్ళు విప్పుతున్నచోట అడగండి. దశాబ్దాలు ఎండిన టేకు, వేప చెక్క అది, మేకులు మాత్రం ఒక్కటీ మిగలకుండా లాగాకే రంపం పెట్టాలి.

చెదలకి గోడా గచ్చూ కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 ఎంఎం బెజ్జాలు ఏటవాలుగా వేసి, చెదల మందు లేబుల్ మీద రాసిన పాళ్ళలో కలిపి పోసి సిమెంటుతో మూసెయ్యాలి. ఇది గచ్చు వేసిన వెంటనే, ఇంకా సామాను చేరకముందే చేయించుకుంటే పని తేలిక. పక్కనే చేపల చెరువో రొయ్యల చెరువో తాగే బావో ఉంటే ఈ మందుల జోలికి పోకండి. బల్లకాళ్ళు ఇటుకల మీద నిలబెట్టి, గోడకి మూడంగుళాలు ఎడంగా జరిపి, పక్షానికోసారి వెనక టార్చి వేసి మట్టి గీతలు చూసుకోండి. అక్టోబరు రాగానే షేడ్‌నెట్ విప్పి మడతపెట్టి, రేకు బోల్టులన్నీ ఒకసారి తట్టి చూడండి, వదులైనవి ఉంటే తుపాను హెచ్చరిక రాకముందే బిగించండి.